చిననందిపాలెం ఫైర్ స్టేషన్‌కు చరిత్ర లేదు

ఊళ్లో మంటలు రాకపోతే సంతోషించాలా, సంజాయిషీ చెప్పుకోవాలా అన్న అనుమానం చిననందిపాలెం ఫైర్ ఆఫీసరు కొప్పిశెట్టి భీమశంకరానికి యాభై ఆరేళ్ల వయసులో వచ్చింది. అనుమానం దానంతటది రాలేదు లెండి. రాజధాని నుంచి రిజిస్టర్డ్ పోస్టులో వచ్చింది.

అంతకుముందు పంతొమ్మిదేళ్లూ ఆయన నిశ్చింతగానే బతికాడు. చిననందిపాలెం అంటే పట్నానికి పదకొండు కిలోమీటర్ల దూరంలో, సగం కొబ్బరితోటలు సగం కాలనీలుగా ఉండే శివారు. రెండు రైసు మిల్లులు, ఒక టింబరు డిపో, ఒక కల్యాణ మండపం. వీటన్నిటికీ కలిపి ఒక ఫైర్ స్టేషను. అందులో ఒక ఎర్రబండి, ఆ బండిని కన్నబిడ్డలా చూసుకునే డ్రైవరు నతానియేలు, మరో ఆరుగురు సిబ్బంది. స్టేషను తెరిచిన రోజు నుంచీ భీమశంకరమే ఆఫీసరు. పైసంపాదన లేని చోటికి రావడానికి ఎవరూ పోటీ పడరు కాబట్టి ఆయన్ని కదిపినవాళ్లూ లేరు.

ఈ మనిషికి ఒక పిచ్చి ఉంది. మంట లేచాక గంట కొట్టుకుంటూ పరుగెత్తడం ఆయనకు నామోషీ. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికైతే మనకు జీతాలెందుకయ్యా అంటాడు. అందుకని ప్రతి శుక్రవారం పొద్దున్నే ఒక వీధి పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతాడు. తిన్నగా వంటింట్లోకి వెళ్లి గ్యాసు ట్యూబు వంచి చూస్తాడు. పగుళ్లు కనిపిస్తే కొత్తది తెప్పించి బిగించేదాకా కదలడు. కరెంటు తీగ కింద ఎవరైనా గడ్డి మేటు వేస్తే, అది తీసేదాకా ఆ ఇంటి అరుగు మీద కూర్చుని వాళ్ల మజ్జిగే తాగుతుంటాడు. మజ్జిగ ఖర్చు భరించలేక గడ్డి తీసినవాళ్లు కూడా ఉన్నారు.

ఇక పెళ్లిళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. చిననందిపాలెంలో ఏ పెళ్లికైనా శుభలేఖ మొదట ఇలవేల్పుకి, రెండోది ఫైర్ స్టేషనుకి. భీమశంకరం వచ్చి గాడిపొయ్యి చుట్టూ తిరిగి, పందిరి ఎంత దూరంలో ఉందో అడుగులతో కొలిచి, రెండు బకెట్ల ఇసుక, నాలుగు తడి గోనెసంచులు పక్కన పెట్టించాక గానీ వంటవాళ్లు అగ్గిపుల్ల గీయరు. ముహూర్తం దాటిపోతున్నా సరే. పురోహితుల కంటే ఈయనకే ఎక్కువ భయపడతారని ఊళ్లో ఒక మాట.

ఇంత చేస్తే ఏమవుతుంది? మంటలు రావు. రాలేదు కూడా. అలాగని స్టేషను ఖాళీగా ఉందనుకునేరు. బావిలో పడ్డ గేదెల్ని తీయడం, స్నానాల గదిలో గడియ పడి ఉండిపోయిన ముసలమ్మల్ని బయటికి తేవడం, వేలికి బిగుసుకుపోయిన నిశ్చితార్థపు ఉంగరాన్ని వేలు పోకుండా కోయడం, వరదొస్తే లంకల్లోంచి జనాన్ని పడవల మీద చేరవేయడం. ఎర్రబండికి తీరిక ఉండేది కాదు. మంట ఒక్కటే తక్కువ.

అలాంటి రోజుల్లో ఆ రిజిస్టర్డ్ కవరు వచ్చింది. శాఖ వజ్రోత్సవాల సందర్భంగా 'ఘనచరిత్ర సంపుటం' అచ్చు వేయ సంకల్పించినందున, ప్రతి కేంద్రమూ తన చరిత్రను జతపరచిన నమూనా పత్రంలో పూరించి పంపవలెనని అందులో రాసి ఉంది. పత్రంలో నాలుగు గడులు. చారిత్రక అగ్నిప్రమాదం జరిగిన తేదీ. ఆస్తి నష్టం. సందర్శించిన ప్రముఖులు. పత్రికల్లో వచ్చిన ఫొటోలు. గేదెలకు గానీ, ముసలమ్మలకు గానీ, ఉంగరాలకు గానీ గడి లేదు. అడుగున చిన్న అక్షరాలతో ఒక గమనిక: మూడు కన్నా తక్కువ చారిత్రక ప్రమాదాలు గల కేంద్రములు 'చరిత్రరహిత కేంద్రములు'గా పరిగణింపబడి జిల్లా కేంద్రంలో విలీనము చేయబడును, వాహనము స్వాధీనము చేసుకొనబడును.

భీమశంకరం అబద్ధం రాయలేని మనిషి. నాలుగు గడుల్లోనూ 'లేదు' అని రాసి, సంతకం పెట్టి, పంపేశాడు. మంచి పని చేశాననే అనుకున్నాడు పాపం.

పదిహేను రోజుల్లో విచారణకు పిలుపు వచ్చింది. పిలిచినవారు చరిత్ర మరియు పనితీరు మదింపు విభాగం ఉప సంచాలకులు శ్రీ త్రివిక్రమరావుగారు. ఆయన శాఖలో పాతికేళ్లుగా పనిచేస్తున్నా మంటను దగ్గరగా చూసింది హారతి పళ్లెంలోనే. అయినా మంటల మీద ఆయన రాసిన నివేదికలు మూడు బీరువాలకు సరిపోతాయి.

"పంతొమ్మిదేళ్లలో ఒక్క అగ్నిప్రమాదం లేదు. మీ కేంద్రం ఇన్నాళ్లుగా ఏమి చేయుచున్నది?" అని ఆయన అడిగారు. ఆయన మాట్లాడినా ఫైలు చదివినట్టే ఉంటుంది.

"మంటలు రాకుండా చూస్తన్నామండి."

"రాని మంటను మీరే ఆపారనడానికి ఆధారం?"

భీమశంకరం శుక్రవారం తిరుగుడు గురించి, గోనెసంచుల గురించి చెప్పాడు. త్రివిక్రమరావుగారు ఓపిగ్గా విన్నారు. ఆరిపోయిన మంటకు బూడిద సాక్ష్యం ఉంటుందనీ, అసలు రాని మంటకు ఏ సాక్ష్యమూ ఉండదనీ, సాక్ష్యం లేని సేవ సేవగా పరిగణనలోకి రాదనీ సెలవిచ్చారు. మూడు నెలల గడువు ఇస్తున్నామనీ, ఈలోగా కనీసం మూడు మధ్యతరహా అగ్నిప్రమాదాలు నమోదు చేసి పనితీరు మెరుగుపరుచుకోవాలనీ చెప్పారు. అవి ఎక్కడి నుంచి తేవాలని భీమశంకరం అడిగితే, క్షేత్రస్థాయి విషయాలలో శాఖ జోక్యం చేసుకోదని అన్నారు.

అంతటితో వదిలారా? ప్రేరణ కోసమని రెండు రోజుల సదస్సు కూడా పెట్టారు. ఏడాదికి నలభై ఆరు అగ్నిప్రమాదాలతో రాష్ట్రంలోనే మొదటి స్థానంలో ఉన్న మారేడుకొండ స్టేషను ఆఫీసరు జగ్గారావుగారికి ఆ సదస్సులో శాలువా కప్పి, 'అగ్నిధీర' బిరుదిచ్చారు. వెనుక గోడ మీద ఆయన స్టేషను సాధించిన మంటల ఫొటోలు. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగినవాడి సంగతి విన్నాం గానీ, కాలిన ఇళ్ల ఫొటోల ముందు నిలబడి చప్పట్లు కొట్టించుకున్నవాణ్ణి అప్పుడే చూడటం. భోజనాల దగ్గర భీమశంకరం ఆయన పక్కన కూర్చుని రహస్యం అడిగాడు.

జగ్గారావు చారు జుర్రుకుంటూ దాపరికం లేకుండా చెప్పాడు. "మా బండి తోస్తే గానీ స్టార్టవదండి. మేం ఎల్లేతలికి ఊరు సగం అంటుకునుంటాది. అదే మాకు కలిసొచ్చింది."

భీమశంకరం విస్తరి మడిచి లేచాడు.

చిననందిపాలెం తిరిగి వచ్చి ఎవరికీ చెప్పకూడదనే అనుకున్నాడు. నతానియేలు కనిపెట్టేశాడు. నతానియేలుకు తెలిసిందంటే టీ బడ్డీకి తెలుస్తుంది, బడ్డీకి తెలిసిందంటే కాలనీలకు తెలుస్తుంది. ఆ ఆదివారమే నాలుగు కాలనీల సంక్షేమ సంఘాల అధ్యక్షురాలు, రిటైర్డు హెడ్‌మిస్ట్రెస్ కర్రి మంగతాయారు కల్యాణ మండపంలో సభ పెట్టింది. ఆవిడ మాట్లాడుతుంటే ఇప్పటికీ అరవై ఏళ్లవాళ్లు కూడా చేతులు కట్టుకునే వింటారు.

ఆవిడ విషయం రెండు ముక్కల్లో తేల్చింది. బండి పోతే మళ్లీ పట్నం నుంచి రావాలి. రైల్వే గేటు పడితే గంట. అంతసేపు ఆగే ఓపిక మంటకు ఉండదు. కాబట్టి మన స్టేషనుకి కావలసిన మూడు మంటలు మనమే ఇద్దాం. వీధికొకటి చొప్పున ఎవరేం ఇవ్వగలరో చెప్పండి.

చెప్పొద్దూ, ఆ ఊరి దాతృత్వం చూసి తీరాలి. ఒకాయన నల్లులు పట్టిన పందిరిమంచం ఇస్తానన్నాడు. ఒకావిడ అత్తగారి భోషాణం ఇస్తానంది. అత్తగారు అక్కడే ఉండటంతో వెనక్కి తీసుకుంది. టింబరు డిపో యజమాని పనికిరాని రంపపు పొట్టు పది బస్తాలు రాసిచ్చాడు. రెండో కాలనీవాళ్లు మూడో కాలనీవాళ్ల సైకిలు షెడ్డు ఇస్తామన్నారు. దాని మీద కాసేపు గొడవ జరిగింది. చివరికి మిల్లు వెనక ఖాళీ స్థలంలో కొబ్బరాకుల పాక ఒకటి కొత్తగా వేసి, అందులో పందిరిమంచం, పొట్టు బస్తాలు పెట్టి అంటించాలని తీర్మానించారు. తీర్మానాన్ని మంగతాయారు ప్రతిపాదించగా అందరూ బలపరిచారు. భీమశంకరం ఒక్కడే తల వంచుకుని కూర్చున్నాడు. ఆయన బాధ ఆయనది. మంట పెట్టడమంటే ఆయనకు కన్నపిల్లను కొట్టమన్నట్టే ఉంది. కానీ బండి పోతుందంటే ప్రాణం ఒప్పుకోవడం లేదు.

నిర్ణయించిన రోజు పరిశీలకుడిగా జిల్లా కార్యాలయం నుంచి ఒక గుమాస్తా వచ్చాడు, చేతిలో కొలతల టేపుతో. ఊరంతా చుట్టూ చేరింది. మిరపకాయ బజ్జీల బండి కూడా వచ్చింది. ఆ బండి స్టవ్వు గాలివాటుకు ఉందని భీమశంకరం దాన్ని నలభై అడుగులు వెనక్కి జరిపించాడు. ఆ తరవాత పాక దగ్గరికి వెళ్లి చూశాడు. చూస్తే ఊరుకోగలడా? పక్కనున్న ఎండుగడ్డి కోయించాడు. పాక చుట్టూ కాలవ తవ్వించి నీళ్లు పెట్టించాడు. రంపపు పొట్టు ప్రమాదమని ఎనిమిది బస్తాలు దూరంగా వేయించాడు. మిగిలిన రెండింటి మీద ఎందుకైనా మంచిదని నీళ్లు చల్లించాడు. కొబ్బరాకులు మరీ ఎండిపోయాయేమోనని పైకప్పు కాస్త తడిపించాడు. ఇవన్నీ ఆయన కావాలని చేసినవి కావు. చేతులు వాటంతటవే చేసుకుపోయాయి. నతానియేలు రెండుసార్లు చొక్కా పట్టుకుని లాగాడు గానీ లాభం లేకపోయింది.

అంటించారు. ఆకులు చిటపటలాడాయి. చిన్న మంట లేచి, నాలుగు వైపులా చూసి, దారి లేక ఆరిపోయింది. పొగ మాత్రం పావుగంట వచ్చింది. పందిరిమంచంలో నల్లులు చచ్చాయని దాని యజమాని సంతోషంగా ఇంటికి మోసుకుపోయాడు. గుమాస్తా టేపుతో కొలిచి, ఇది మధ్యతరహా కాదు, చిన్నతరహా కూడా కాదు, కేవలం పొగ మాత్రమేనని నమోదు చేసుకున్నాడు. పొగకు గడి లేదన్నాడు.

మంగతాయారు తడిసిన పొట్టు బస్తాల వంక, భీమశంకరం వంక మార్చి మార్చి చూసింది. తిట్టినా ఆయనకు అంతగా గుచ్చుకునేది కాదు.

రెండో ప్రయత్నం అంతకన్నా విడ్డూరం. ఈసారి పకడ్బందీగా చేద్దామని టింబరు డిపోవాళ్లు పాత షెడ్డు మొత్తం ఇస్తామని ముందుకొచ్చారు. అయితే డిపోలో పొయ్యి వెలిగించాలన్నా ఫైర్ స్టేషను నుంచి నిరభ్యంతర పత్రం కావాలి. అది రూలు. షెడ్డు తగలబెట్టాలంటే ఇక చెప్పేదేముంది? దరఖాస్తు భీమశంకరమే రాశాడు, యజమాని సంతకం పెట్టాడు. దరఖాస్తు సాయంత్రం నాలుగింటికి భీమశంకరం బల్ల మీదికే వచ్చింది. ఆయన నిబంధనల ప్రకారం స్థల పరిశీలనకు వెళ్లాడు. షెడ్డుకు రెండువైపులా దారి లేదు, ఇసుక బకెట్లు లేవు, పై నుంచి కరెంటు తీగ పోతోంది. తిరిగొచ్చి అరగంట గడ్డం పట్టుకుని కూర్చున్నాడు. తరవాత 'అగ్నిప్రమాదం సంభవించే అవకాశం ఉన్నందున అనుమతి నిరాకరించడమైనది' అని రాసి, తాను రాసిన దరఖాస్తును తానే తిప్పికొట్టాడు.

"ఇంక మనల్ని ఆ దేవుడు కూడా కాపాడలేడు సార్," అన్నాడు నతానియేలు, ఆ కాగితం కవరులో పెడుతూ.

గడువు తీరింది. విలీనపు ఉత్తర్వు వచ్చింది. బండిని తీసుకెళ్లడానికి పట్నం నుంచి మనుషులు వచ్చిన రోజు నతానియేలు బండి కడిగి, బొట్టు పెట్టి, తాళంచెవి మంగతాయారు చేతికిచ్చి, ఆవిడే వాళ్లకివ్వాలన్నాడు. తన చేత్తో ఇవ్వలేనన్నాడు. ఆవిడ ఇచ్చింది. కళ్లజోడు తీసి తుడుచుకుంది. ఊరంతా మెయిన్ రోడ్డు దాకా బండి వెంట నడిచింది, ఆడపిల్లను అత్తారింటికి పంపినట్టు.

భీమశంకరాన్ని మారేడుకొండకు, జగ్గారావు కింద వేశారు. మొదటి స్థానంలో ఉన్న స్టేషను. అక్కడి వాతావరణంలో పనితీరు నేర్చుకుంటాడని త్రివిక్రమరావుగారి ఉద్దేశం. భీమశంకరం వెళ్లి చేసిన మొదటి పని బండికి కొత్త బ్యాటరీ వేయించడం. రెండో పని శుక్రవారం వీధులు తిరగడం. మారేడుకొండ జనం మొదట్లో దొంగనుకుని కుక్కల్ని వదిలారు. మూడో శుక్రవారానికి మజ్జిగ ఇవ్వడం మొదలెట్టారు. ఏడు నెలలు తిరిగేసరికి మారేడుకొండలో నలభై ఆరు కాస్తా నాలుగుకు దిగింది. 'అగ్నిధీర' జగ్గారావుగారు మొత్తుకుంటూ పైకి అర్జీ పెట్టుకున్నారు. తన బిరుదుకు గౌరవం దక్కడం లేదనీ, ఇలాగే సాగితే తన స్టేషను చరిత్రరహితం అయిపోతుందనీ.

వెంటనే భీమశంకరాన్ని అక్కడి నుంచి పీకి బాణాసంచా కొట్లకు పేరుపడ్డ తాడిమెట్టకు వేశారు. అక్కడ మంటలు రాకుండా ఆపడం బ్రహ్మతరం కూడా కాదని అందరి నమ్మకం. ఆ సంవత్సరం తాడిమెట్టలో దీపావళికి కాలింది పిల్లల చేతుల్లో కాకరపువ్వొత్తులు మాత్రమే.

ఇటు చిననందిపాలెంలో ఏం జరిగిందో చెప్పాలి. మాఘమాసంలో కల్యాణ మండపంలో ఒక పెళ్లి. వియ్యాలవారు పొరుగూరివాళ్లు, వంటవాళ్లు కొత్తవాళ్లు. గాడిపొయ్యి పందిరి కిందే వేసేశారు. బూరెల మూకుడులో నూనె పొంగి, మంట లేచి, పందిరి గుడ్డ అందుకుంది. లోపల మూడు వందల మంది భోజనాలు చేస్తున్నారు. పట్నానికి ఫోను చేశారు. రైల్వే గేటు పడింది. బండి యాభై రెండు నిమిషాలకు వచ్చింది. అప్పటికి మంగతాయారు కొంగు బిగించి, పదిమంది ఆడవాళ్లను పిలిచి, జనాన్ని వెనక తలుపులోంచి బయటికి పంపించి, ఇసుక పోయించి, తడి గోనెసంచులు కప్పించి, మంట ఆర్పించేసింది. ఇన్నేళ్లూ ఆయన చేస్తుంటే చూసిన చదువు ఊరికే పోతుందా? ప్రాణాలేవీ పోలేదు. ఒక వంటావిడ చెయ్యి మాత్రం మోచేతి దాకా కాలింది.

ఈ సంగతి భీమశంకరం తాడిమెట్ట స్టేషను వరండాలో ఫోనులో విన్నాడు. ఆ వంటావిడ పేరేమిటని రెండుసార్లు అడిగాడు. తాను అక్కడుండి ఉంటే ఆ చెయ్యి కాలేది కాదు. ఆ మాట ఎవరితో అంటే ఎవరికి అర్థమవుతుంది? జరగనిదానికి మళ్లీ ఆధారం అడుగుతారు.

జిల్లా కేంద్రంవాళ్లు మాత్రం ఆ మంటను తమ చరిత్రలో రాసుకున్నారు. త్రివిక్రమరావుగారు చిననందిపాలెం సంక్షేమ సంఘానికి అభినందన లేఖ పంపారు. ఎట్టకేలకు ఆ ప్రాంతం శాఖాపరమైన ప్రగతి బాటలో తొలి అడుగు వేసినందుకు హర్షం వెలిబుచ్చుచూ, ఇదే స్ఫూర్తిని కొనసాగించవలసిందిగా కోరారు. మంగతాయారు ఆ లేఖలో మూడు అక్షరదోషాలు ఎర్రసిరాతో దిద్ది, పదికి రెండు మార్కులు వేసి తిప్పి పంపింది.

తాడిమెట్ట తరవాత భీమశంకరాన్ని మరో రెండు చోట్లకు వేశారు. పత్తి మిల్లుల ఊరు, గుడిసెల పేట. ఎక్కడికి పోయినా అదే శుక్రవారం, అదే మజ్జిగ, అదే ఫలితం. ఆయన వెళ్లిపోయాక కూడా జనం అలవాటు మానడం లేదు. ఆడవాళ్లు గ్యాసు ట్యూబులు వంచి చూసుకుంటున్నారు. మిల్లుల ముందు ఇసుక బకెట్లు నిండుగా ఉంటున్నాయి. రెండేళ్లలో రాష్ట్రంలో అగ్నిప్రమాదాల పట్టిక దిగజారిపోయింది. పట్టిక చూసే కదా కొత్త బండ్లు, కొత్త పోస్టులు, పతకాలు ఇచ్చేది? పతకాలకు అర్హులు దొరక్క ఆ ఏడు సభలో శాలువాలు మిగిలిపోయాయి. ఉన్నతస్థాయి సమావేశం అత్యవసరంగా కూర్చుంది. ఈ మనిషిని సస్పెండ్ చేద్దామంటే తప్పు కనబడలేదు. ప్రమోషనిచ్చి కుర్చీలో కూర్చోబెడదామంటే, రాష్ట్రమంతటికీ శుక్రవారం తిరుగుడు పెట్టిస్తాడేమోనని భయం వేసింది.

చివరికి ఒక ఉత్తర్వు వెలువడింది. భాష త్రివిక్రమరావుగారిదేనని చదవగానే తెలుస్తుంది. 'సదరు అధికారి ఎచ్చట పనిచేసిననూ అగ్నిప్రమాదముల వృద్ధి కుంటుపడుచున్నందునను, సదరు ధోరణి ఇతర కేంద్రములకు వ్యాపించుచున్నందునను, శాఖ చరిత్రను పరిరక్షించు నిమిత్తము, నష్టమును ఒకే ప్రాంతమునకు కట్టడి చేయుట ఉచితమని భావించి, చిననందిపాలెం కేంద్రమును వాహన, సిబ్బంది సహితముగా పునఃప్రారంభించి, సదరు అధికారిని పదవీ విరమణ పర్యంతము అచ్చటనే నియమించుచూ, ఆ ప్రాంతపు ఎల్లలు దాటి ఏ వంటగదిలోనూ ప్రవేశించరాదని ఆదేశించడమైనది.'

శిక్ష అన్నమాట. శిక్ష పడ్డ రోజు చిననందిపాలెంలో బాజాలు మోగాయి. నతానియేలు పట్నం వెళ్లి బండి తెచ్చుకున్నాడు. రెండేళ్లలో దాన్ని ఎంత పాడుచేశారో చూసి, దారంతా తిట్టుకుంటూనే నడిపాడు. మంగతాయారు భీమశంకరానికి దండ వేసి, ఎంత చిక్కిపోయావు నాయనా అంది. ఆయన ముందుగా ఆ వంటావిడ ఇల్లు ఎక్కడో కనుక్కుని, వెళ్లి చెయ్యి చూసి వచ్చాడు. మచ్చ పడింది గానీ పట్టు ఉంది. ఆవిడే ఆయనకు కాఫీ కలిపి ఇచ్చింది.

వారం తరవాత శుక్రవారం పొద్దున భీమశంకరం నాలుగో కాలనీలో తిరుగుతుంటే, కొత్తగా కట్టిన ఒక మేడ ముందు త్రివిక్రమరావుగారు కనిపించారు. ఫైలు లేదు, పంచె మీద ఉన్నారు. భీమశంకరం ఉలిక్కిపడి సెల్యూట్ చేశాడు. మళ్లీ విచారణేమో అనుకున్నాడు. ఆయన అటూ ఇటూ చూసి, గేటు తీసి, లోపలికి రమ్మన్నారు. ఆ మేడ ఆయనదే. ఎల్లుండి గృహప్రవేశం. రిటైరయ్యాక ఉండటానికి కట్టుకున్నారట.

"రాజధానిలో ఉండకుండా ఇక్కడెందుకండి?" అని భీమశంకరం అడిగాడు.

త్రివిక్రమరావుగారు గొంతు తగ్గించారు. మొట్టమొదటిసారి ఆయన గొంతులో ఫైలు వినిపించలేదు.

"మా ఆవిడకు నిప్పంటే భయమయ్యా. రాష్ట్రంలో పట్టికలన్నీ నేనే తయారు చేస్తాను కదా. ఎక్కడ మంటలు రావో నాకు తెలుసు."

భీమశంకరం తిన్నగా వంటింట్లోకి నడిచాడు. గ్యాసు ట్యూబు వంచి చూశాడు, బాగానే ఉంది. కిటికీకి కట్టిన కొత్త తెర స్టవ్వుకు మూరెడు దూరంలో వేలాడుతోంది. అది తీసేయాలన్నాడు. ఖరీదైనదనీ, మా ఆవిడ ముచ్చటపడి కుట్టించిందనీ త్రివిక్రమరావుగారు నసిగారు. భీమశంకరం వెళ్లి అరుగు మీద కూర్చుని, మంచినీళ్లొద్దు, మజ్జిగుంటే ఇప్పించమన్నాడు.

రెండో గ్లాసు సగం అయ్యేసరికి ఉప సంచాలకులుగారు పంచె ఎగ్గట్టి, స్టూలెక్కి, తమ చేతులతో తామే తెర విప్పుకున్నారు.